నెమ్మదస్తురాలు

పాతికేళ్ళ కిందట ధవళేశ్వరం దగ్గర ఒక బడిలో రెండో తరగతికి చెప్పేదాన్ని. ముందు వరసలో ఒక పాప కూర్చునేది. అల్లరి లేదు, ఎదురుచెప్పడం లేదు. పుస్తకం తెరిస్తే వేలు పెట్టుకుని గడగడా చదివేసేది. ప్రోగ్రెస్ కార్డులో ‘నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకోలుగా రాశాను. ఓ రోజు పేజీ మధ్యలో ‘పలక’ అన్న మాట చూపించి చదవమంటే నా మొహంకేసి చూసింది. అక్క చదువుతుంటే విని పాఠాలన్నీ బట్టీ పట్టేసిందట. వేలు ఒక వరసలో, నోరు ఇంకో వరసలో ఉన్నా ఏడాదంతా నేను గమనించలేదు.

అదే తరగతిలో చదవలేక పలక విసిరికొట్టే కుర్రాడొకడు ఉండేవాడు. వాణ్ణి వాళ్ళ నాన్న కాకినాడ తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు. ఈ పిల్ల తల్లిని పిలిచి చెబితే, “దీనికి చదువు అబ్బదులెండి టీచరుగారూ, ఇంటిపని మాత్రం చక్కగా చేస్తదండి” అంది. ఆమెనేమనను? ఆ పిల్ల నెమ్మదితనం ఇంట్లో ఆమెకి ఎంత సుఖమో, బళ్ళో నాకూ అంతే సుఖం.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రపు పిల్లల మీద శాలీ షేవిట్జ్ బృందం చేసిన అధ్యయనం 1990లో వచ్చింది. చదవడంలో ఇబ్బంది ఉందని బడులు గుర్తించినవాళ్ళలో మగపిల్లలే బాగా ఎక్కువ. అందరినీ పరీక్షించి చూస్తే ఆడామగా మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. బడికి ముందుగా కనబడింది ఇబ్బంది కాదు, అల్లరి.

మరి ఏం చూడాలి? మాటలోని శబ్దాలు విడదీయలేకపోవడం, నిన్న వచ్చిన అక్షరం ఇవాళ మరిచిపోవడం, గుణింతం వల్లించినా విడిగా ‘కి’, ‘కు’ చూపిస్తే తడబడటం, రాసేటప్పుడు వత్తులు వదిలేయడం. ఐదారేళ్ళ పిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. శ్రద్ధగా నేర్పినా నెలల తరబడి తడబాటు పోకపోతే ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించి, తర్వాత నిపుణులకి చూపించాలి. బళ్ళో పాఠం సరిగా చెప్పకపోయినా, ఇంటిభాష వేరైనా ఇలాగే కనిపించొచ్చు.

డిస్లెక్సియా అని పేరు పెడితే ఆడపిల్లకి ముద్ర పడదా, రేపు పెళ్ళికి అడ్డం రాదా అని తల్లులు అడుగుతారు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ పేరు లేకుండా ఆ పిల్ల ఎక్కడుంది? ‘మొద్దు’ అని ముందే పెట్టేశాం కదా! ఆ పేరు తెలివినే లేదంటుంది. డిస్లెక్సియాకి తెలివితో పోటీ లేదు. పైగా దానికి నేర్పే దారులున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందుల్ని కూడా గుర్తించింది. అయితే బళ్ళో ఎవరో ఒకరు చూస్తేనే ఆ చట్టం పిల్లదాకా వస్తుంది.

1874లో వీరేశలింగం ఈ ధవళేశ్వరంలోనే బాలికల పాఠశాల తెరిచారు. ఆడపిల్ల బడిలోకి రావడం ఒక పోరాటం. వచ్చి కూర్చున్నాక ఆమె కనబడటం ఇంకొకటి. ఆ రెండోదానిలో నేను అవతలి పక్షాన ఉన్నాను. ఆ పాప ఐదో తరగతితో ఆగిపోయిందని తర్వాత విన్నాను. ఆ కార్డు మీద సంతకం నాదే.