జేబులో దాచిన ప్రేమ

ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలనుంది. ఒక తండ్రి తన బిడ్డను ప్రాణంగా ప్రేమించాడు. బిడ్డకు వచ్చిన ప్రతి చిన్న బహుమతికీ లోలోపల పొంగిపోయాడు. కానీ ఆ మాట బిడ్డతో ఎన్నడూ అనలేదు. ఆ తండ్రి తన బాధ్యత పూర్తిగా నెరవేర్చినట్టేనా?

"మనసులో ఉంటే చాలదా, నోటితో చెప్పాలా?" అని మనలో చాలామంది అంటాం. రాత్రింబవళ్లు కష్టపడుతున్నాం, ఫీజులు కడుతున్నాం, శనివారం పొద్దున్నే లేచి క్లాసులకు దింపుతున్నాం. ఇది ప్రేమ కాకపోతే మరేమిటి? ఈ మాటలో నిజం ఉంది. అందుకే దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా, ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. ఆయన పిల్లల బొమ్మల పుస్తకాల రచయిత, చిత్రకారుడు. పేరు ఎజ్రా జాక్ కీట్స్.

అమెరికాలో పిల్లల్ని పెంచినవారికి ఆయన పేరు గుర్తు లేకపోయినా ఆయన బొమ్మ గుర్తుండే ఉంటుంది. తెల్లటి మంచులో, ఎర్రటి మంచు కోటు వేసుకుని నిలబడిన ఒక చిన్న నల్లజాతి అబ్బాయి. వాడి పేరు పీటర్. ఆ పుస్తకం "ద స్నోయీ డే", 1962లో వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే అత్యున్నత పురస్కారం కాల్డెకాట్ మెడల్ దానికి దక్కింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన 125 ఏళ్ల చరిత్రలో పాఠకులు ఎక్కువసార్లు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకం ఏదని 2020లో లెక్క తీస్తే, 4,85,583 సార్లతో ఇదే మొదటి స్థానంలో నిలిచింది. కథ చాలా చిన్నది. ఒక పిల్లవాడు మంచులో ఆడుకుని ఇంటికొస్తాడు. అంతే.

కీట్స్ 1916లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు పోలండ్ నుండి వలస వచ్చిన యూదులు. ఆయన అసలు పేరు జేకబ్ ఎజ్రా కాట్జ్. తండ్రి బెంజమిన్ ఒక చిన్న హోటల్లో సర్వర్‌గా పనిచేసేవాడు. చాలీచాలని సంపాదన. ఇల్లు గడవడమే కష్టం. వలస వచ్చిన ఇంట్లో డబ్బు గురించిన భయం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఇంట్లో జరిగిన రెండు సంగతులు మనం గమనించాలి. ఒకటి తల్లిది. చిన్నప్పుడు ఎజ్రా వంటింట్లోని బల్ల నిండా బొమ్మలు గీసేశాడు. తిట్లు పడతాయనుకున్నాడు. తల్లి చూసి, ఇంత బాగున్న బొమ్మల్ని తుడిచేయడం అన్యాయమంది. బల్ల మీద గుడ్డ కప్పింది. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చినప్పుడు ఆ గుడ్డ తీసి, మా అబ్బాయి గీశాడని చూపించింది. కొడుకు చూస్తుండగానే చూపించింది.

రెండోది తండ్రిది. బొమ్మలు గీసేవాడు ఆకలితో మాడిపోతాడని ఆయన భయం. దుకాణాలకు బోర్డులు రాసే పనైతే నాలుగు డబ్బులొస్తాయని దానికి సంతోషించాడు గానీ, చిత్రకారుడవుతానంటే ఒప్పుకోలేదు. అయినా అప్పుడప్పుడూ రంగుల ట్యూబులు ఇంటికి తెచ్చేవాడు. పస్తులున్న ఒక చిత్రకారుడు హోటల్‌కొచ్చి, గిన్నెడు సూపు కోసం ఈ రంగులిచ్చి పోయాడని కొడుకుతో చెప్పేవాడు. నిజానికి ఆయన తన సంపాదనలోంచే కొన్నాడు. చేత్తో రంగులిస్తూ, నోటితో బెదిరింపు ఇచ్చాడు.

1935 జనవరిలో ఎజ్రా హైస్కూలు చదువు పూర్తయింది. చిత్రకళలో అతనికి బహుమతి ఇవ్వబోతున్నారు. ఆ వేడుకకు ఒక్కరోజు ముందు తండ్రి గుండెపోటుతో చనిపోయాడు. శవాన్ని గుర్తుపట్టడానికి కొడుకే వెళ్లాల్సి వచ్చింది. అక్కడ తండ్రి పర్సు తెరిచి చూస్తే, అందులో మడతలు నలిగిపోయిన పేపరు ముక్కలున్నాయి. ఎజ్రా గెలిచిన బహుమతుల గురించి పేపర్లో పడిన వార్తలవి. తండ్రి వాటిని కత్తిరించి, ఎన్నాళ్ల నుంచో జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆ తండ్రి ప్రేమించాడా? అందులో సందేహమే లేదు. మరి ఆ ప్రేమ కొడుకుకు చేరిందా? చేరింది. చేరినప్పుడు, "థాంక్స్ నాన్నా" అని చెప్పడానికి ఎదురుగా మనిషి లేడు.

ఆ తండ్రిని తప్పుపట్టడం సులువు. కాని ఆయన వైపు నుంచీ చూడాలి. ఆకలి ఎలా ఉంటుందో తెలిసినవాడు. తన సంతోషం బయటపెడితే కొడుకు ఆ దారినే పోయి కష్టాలపాలవుతాడని అనుకుని ఉండవచ్చు. మన ఇళ్లలోనూ ఇలాంటి కారణాలకు కొదవ లేదు. ముఖం మీద పొగిడితే బిడ్డకు ఆయుక్షీణమంటారు పెద్దవాళ్లు. దిష్టి తగులుతుందంటారు. తలకెక్కుతుందంటారు. దిష్టిని నమ్మని మనం కూడా ఆ అలవాటును మాత్రం వదల్లేదు. నమ్మకం పోయినా నోరు పెగలడం లేదు.

సుమతీ శతకంలో పుత్రోత్సాహం గురించిన పద్యం మనలో చాలామందికి చిన్నప్పుడే కంఠతా వచ్చు. కొడుకు పుట్టినప్పుడు కాదు, జనం ఆ కొడుకును చూసి మెచ్చుకున్ననాడే తండ్రికి అసలైన ఆనందమని దాని భావం. బెంజమిన్ పర్సులోని పేపరు ముక్కలు అక్షరాలా అవే: కొడుకును లోకం మెచ్చుకున్న రోజుల గుర్తులు. కాని ఆ పద్యం ఒక విషయం చెప్పకుండా వదిలేసింది. అంత ఆనందం కలిగిన తండ్రి, ఆ సంగతి కొడుకుతో చెప్పాడా లేదా?

ఇక్కడే అసలు ధర్మసంకటం ఉందని నాకనిపిస్తుంది. పిల్లల విషయంలో మనకు రెండు భావాలుంటాయి. ఒకటి భయం, రెండోది సంతోషం. రెండూ నిజమే. భయాన్ని రోజూ చెబుతాం: మార్కులు తగ్గాయేమిటి, ఈ కోర్సు చదివితే ఉద్యోగం వస్తుందా, ఫలానా వాళ్లబ్బాయిని చూడు. సంతోషాన్ని మాత్రం మన భార్యతో, స్నేహితులతో, ఊళ్లో ఉన్న అమ్మతో ఫోన్లో చెబుతాం. బిడ్డతో చెప్పం. అప్పుడు బిడ్డకు అందేది సగం నిజం. మా నాన్నకు నామీద ఉన్నది భయమొక్కటేనని బిడ్డ నమ్మితే, ఆ తప్పు నమ్మకాన్ని కలిగించింది మనమే. మౌనం అబద్ధం కాదు. కాని కొన్ని ఇళ్లలో అది అబద్ధం చేసే పనే చేస్తుంది.

సామెతల గ్రంథం 27వ అధ్యాయంలో, దాచిపెట్టిన ప్రేమకన్నా బాహాటంగా చేసిన గద్దింపే మేలని జ్ఞాని చెప్పిన సంగతి మీకు తెలుసు. మనం ఆ వచనాన్ని గద్దించడానికి అనుమతిగా వాడుకుంటాం. దాచిన ప్రేమ గురించి అది ఎంత కఠినంగా మాట్లాడుతోందో గమనించం. గద్దింపు కనీసం ఎదుటి మనిషికి చేరుతుంది. దాచిన ప్రేమ చేరదు. అలాగే యొర్దాను నది దగ్గర తండ్రి స్వరం వినబడిన ఘట్టం తలచుకోండి. అప్పటికి యేసు ఒక్క అద్భుతం చేయలేదు, ఒక్క ప్రసంగం చేయలేదు. లోకం మెచ్చుకోకముందే, అందరూ వినేలా, ఈయన నా ప్రియ కుమారుడని తండ్రి చెప్పాడు.

"అలాగని ప్రతిదానికీ ఆహా ఓహో అనాలా?" అని మీరు అడగవచ్చు. అక్కర్లేదు. పొగడ్త వేరు, సాక్ష్యం వేరు. నువ్వు ప్రపంచంలోకెల్లా గొప్పవాడివనడం పొగడ్త. అది నిజం కాదని పిల్లలకు కూడా తెలుసు. "నువ్వు గీసిన ఈ బొమ్మలో చెట్టు నీడ బాగా కుదిరింది, చాలాసేపు చూశాను" అనడం సాక్ష్యం. అది చెప్పాలంటే ముందు చూడాలి. ఇష్టం లేని దారి ఎంచుకున్న బిడ్డతో కూడా నిజం మొత్తం చెప్పవచ్చు: "నీ భవిష్యత్తు గురించి నాకు భయంగా ఉంది. నువ్వు చేసిన పని చూస్తే గర్వంగానూ ఉంది." ఈ రెండు వాక్యాలూ ఒకే నోట రావడానికి అడ్డేమీ లేదు.

చూడటం ఎలాగో కీట్స్ పనిలో కనిపిస్తుంది. 1940లో ఆయన ఒక పత్రికలోంచి నాలుగు ఫొటోలు కత్తిరించాడు. రక్తపరీక్ష కోసం సూది వేయించుకోబోతున్న ఒక చిన్న నల్లజాతి అబ్బాయివి. ఆ ముఖంలోని భావాలు ఆయనకు నచ్చాయి. సుమారు ఇరవై ఏళ్లపాటు ఆ ఫొటోల్ని దగ్గరే ఉంచుకున్నాడు. ఇతరుల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ వేస్తూ, నల్లజాతి పిల్లవాడు కథానాయకుడైన పుస్తకం ఒక్కటీ తన చేతికి రాలేదని గ్రహించాడు. ఆ ఫొటోల్లోని పిల్లవాడే పీటరయ్యాడు. తండ్రిలాగే కొడుకూ పత్రిక ముక్కలు కత్తిరించి దాచుకున్నాడు. అయితే కొడుకు వాటిని అందరి ముందుకూ తెచ్చాడు. దాని ఫలితం చూడండి. పుస్తకం వచ్చాక ఒక టీచర్ ఆయనకు ఉత్తరం రాసింది. అంతవరకు తమ బొమ్మలకు గులాబీ రంగు వేసుకునే తన తరగతిలోని నల్లజాతి పిల్లలు, మొదటిసారి గోధుమరంగు క్రేయాన్ అందుకున్నారట. ఈ దేశంలో తమ ఒంటిరంగు గురించి మన పిల్లలు అడిగిన ప్రశ్నలు గుర్తున్నవారికి ఆ ఉత్తరం విలువ తెలుస్తుంది. నిన్ను చూశాను, నువ్వు బాగున్నావు అని ఒకరు బాహాటంగా చెప్పినందువల్ల వచ్చిన మార్పు అది.

1964లో వచ్చిన "విజిల్ ఫర్ విల్లీ"లో అదే పీటర్ ఈల వేయడం నేర్చుకోవాలని తంటాలు పడతాడు. చివరికి ఈల వస్తుంది. వెంటనే ఇంటికి పరుగెత్తి అమ్మానాన్నలకు వినిపిస్తాడు. వాళ్లు మురిసిపోతారు. ఈల వేయడం వల్ల ఉద్యోగం రాదు, కాలేజీ సీటు రాదు. అయినా ఆ ఇంట్లో సంతోషం పిల్లవాడి ఎదుటే జరిగింది. పెళ్లి చేసుకోని, పిల్లలు లేని కీట్స్ ఆ సంతోషాన్ని లోకంలోని పిల్లలందరికీ రాసిపెట్టి, 1983లో కన్నుమూశాడు.

ఇందులో పెద్దవాళ్లమైన కొడుకులకు, కూతుళ్లకు కూడా ఒక మాట ఉంది. మన అమ్మానాన్నలు మనల్ని మెచ్చుకోలేదని కొందరికి ఇంకా మనసులో ముల్లు ఉంది. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు బీరువా తెరిచి చూడండి. పాత ప్లాస్టిక్ కవర్లో మీ ఏడో తరగతి సర్టిఫికెట్, రంగు వెలిసిన ఫొటో ఉండవచ్చు. వాళ్లకు మాటలు రాలేదు, దాచడం వచ్చింది. వాళ్లు ఉండగానే ఆ కవరు చేతిలో పట్టుకుని, "ఇది దాచావా నాన్నా?" అని అడగండి. ఎజ్రాకు ఆ అవకాశం రాలేదు. మీకింకా ఉందేమో.

"ద స్నోయీ డే"లో పీటర్ ఒక మంచు ముద్దను రేపటికని జేబులో దాచుకుని వెచ్చటి ఇంట్లోకి వస్తాడు. పడుకునే ముందు చూస్తే జేబు ఖాళీగా ఉంటుంది. పీటర్‌కు తెల్లారేసరికి బయట మళ్లీ మంచు కురిసింది. మన పిల్లల బాల్యం అలా మళ్లీ కురవదు. మీ ఫోన్లో దాచుకున్న వాళ్ల బొమ్మో, రిపోర్ట్ కార్డో, పాట పాడిన వీడియోనో ఈ రాత్రి తీయండి. భోజనాల దగ్గర వాళ్లకే చూపించండి. ఎందుకు దాచుకున్నారో చెప్పండి. తెలుగు కుదరకపోతే వాళ్లకొచ్చిన భాషలోనే చెప్పండి.