ఇది అదియేనా?

పాశ్చాత్యదేశములలో పులిసిన పిండితో రొట్టెలు చేయువారు ఆ పిండిని కొంత సీసాలో దాచియుంచి దానిని 'తల్లి' యని పిలుతురు. వలసినంత వాడుకొని, మిగిలినదానికి పిండియు నీరును చేర్చుచుందురు. మన పాలకు వేయు తోడు వంటిదే యిది. కాని మన యిండ్లలో తోడు లేనిచో పొరుగింట అడిగి తెచ్చుకొందురు. దాని వంశమును ఎవరును విచారింపరు. అక్కడ వంశమునకే విలువ. శాన్‌ఫ్రాన్సిస్కోలోని బూడీన్ రొట్టెల దుకాణము 1849లో వెలసినది. 1906 నాటి భూకంపమున నగరము తగులబడుచుండగా తల్లిపిండిని బొక్కెనలో ఉంచి కాపాడితిమనియు, నేటి రొట్టెలు దాని సంతతియే యనియు ఆ దుకాణమువారు చెప్పుకొందురు.

కాపాడలేకపోయినచో? అత్తగారు ముప్పది యేండ్లు పోషించి యిచ్చిన పిండి కోడలి యేమరుపాటున చెడిపోయిన దనుకొందము. పైన నల్లని నీరు తేలినంత మాత్రమున అది చచ్చినట్లు కాదు. అది ఆకలికి గుర్తు. సీసా అంచున ఎండిన పెచ్చు గోరంత దొరకినను నీటిలో నాన్చి, పిండి వేసి నిలుపుకొనవచ్చును. బూజు పట్టినచో మాత్రము పారవేయక తప్పదు. బూజును చూచి బెదరిన యీమె పెచ్చయినను మిగులకుండ సీసాను వేడినీళ్లతో కడిగివేసినది.

ఆమె క్రొత్తగా మొదలుపెట్టును. పొట్టు తీయని గోధుమపిండి, అంతే బరువు నీరు. ప్రతిదినము సగము తీసివేసి, మరల రెండును చేర్చుట. రెండవనాటికే బుడగలు పొంగును. నాలుగవనాటికి అంతయు అణగిపోవును. పలువురు నిరాశపడి పారవేయునది యిక్కడనే. నిజమునకు తొలి బుడగలు వేరు సూక్ష్మజీవులవి. పులుపు పెరిగిన కొలది అవి నశించి, పులుపునకు ఓర్చు బాక్టీరియాయు ఈస్టును నిలద్రొక్కుకొనుచుండును. ఒకటి రెండు వారములు ఓపికపట్టిన పిండి వేళకు పొంగును. ఈ జీవులు చాలవరకు పిండిలోనివే. కొన్ని కలుపువారి చేతులవి.

ఇంతలో ఆడబిడ్డ వచ్చి, అమ్మ పిండి కొంచెము పెట్టుమని అడుగును. రుచిలో భేదము కానరాదు. ఏమని చెప్పి యిచ్చుట?

పాతపిండి మాత్రము పాతదా? అత్తగారు మొదట కలిపిన పిండి రేణువైనను అందులో ఏనాడో లేదు గదా! మిలిందప్రశ్నలో నాగసేనుడు చెప్పిన దీపము వంటిది: తొలిజాముననున్న జ్వాలయు కడజామునందలి జ్వాలయు ఒకటియు కావు, వేరును కావు. వాదము బాగుగనే యున్నది. కాని ఆ దీపము రాత్రియంతయు ఆరలేదు. ఇక్కడ ఆరినది.

బ్రహ్మసూత్రభాష్యమున క్షణికవాదమును ఖండించుచు శంకరులు ఒక సూక్ష్మమును చూపిరి. బాహ్యవస్తువు విషయమున 'ఇది అదియేనా, దానివంటిదా' యను సందేహము ఎప్పుడైన కలుగవచ్చును. తెలిసికొనువాని విషయమున అట్టి సందేహము ఎన్నడును కలుగదు. సీసాలోనిదానిని గూర్చి ఆడబిడ్డకు సందేహమునకైనను తావు లేదు. సీసాను కడిగినదియు, నేడు చెంచా పట్టుకొని నిలిచినదియు తానే యని కోడలికి తెలియును. పోయినదని చెప్పిన వచ్చినామె మనస్సు నొచ్చును. చెప్పకున్న సంతోషముతో పోవును. ఈ దయ అంత నిష్కళంకమైనది కాదు. తన యేమరుపాటు బయటపడదను ఊరటయు అందులో పాలు పంచుకొనును.

తెగనిది ఒకటి లేకపోలేదు. ఎంత వెచ్చని చోట నుంచవలెనో, ఆకలిగొన్న పిండి ఏ వాసన వేయునో అత్తగారు చూపినదే ఆమె చేతిలో నిలిచియున్నది. ఆడబిడ్డ కూతురు పుట్టింటనున్న నాళ్లలో నేర్వనిది అదియే కావచ్చును. కోడలు ఆమెను ప్రక్కన నిలుపుకొని పిండి కలిపి చూపి, సీసాపై తేదీ వ్రాసి యిచ్చును. ఆ తేదీ గడచిన నెలది.