ఇంటి డిష్షు, గదుల పెట్టెలు

ఒకే యింటియందలి నలుగురు నాలుగు గదులలో వేఱువేఱు టెలివిజన్ పెట్టెలముందు కూర్చుండుట కుటుంబధర్మమునకు హానియా, లేక వారివారికి రావలసిన భాగము ఇంతకాలమునకు వారికి వచ్చుటయా? ఈ ప్రశ్న యీ నడుమ మా గంపలగూడెమునందును చుట్టుప్రక్కల పల్లెలయందును తఱచుగ వినవచ్చుచున్నది. 2022వ సంవత్సరమువఱకు కృష్ణాజిల్లాలోనుండి పిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన యీ ప్రాంతమున ప్రత్తియు మిరపయు పండించు కాపులు పెక్కండ్రు. పంట కలిసివచ్చిన యేట డాబామీద మఱియొక అంతస్తు లేచును. అంతస్తు లేవగానే క్రింది గదిలోని డిష్షు తీగను పైగదికిగూడ తీయవలయునను కోరిక లేచును. అప్పుడు పెద్దలు, "ఒక్క కప్పుక్రింద రెండు టీవీలేమిటి? వేఱుకాపురమునకు ఇదియే మొదలు" అందురు. చిన్నవారు, "ఎవరికిష్టమైనది వారు చూచుకొందురు, ఎవరి సొమ్మేమి పోయినది?" అందురు. ఇది చర్చింపదగినంత ప్రశ్న కాదని తలచు చదువరులు కొందఱుండవచ్చును. ఇంటిలో నిత్యము జరుగునదేదియు అల్పము కాదని మా యభిప్రాయము.

ఉభయపక్షములవారును పెట్టెల సంఖ్యనుగుఱించి వాదించుచున్నారేగాని తీగవంక చూచుటలేదు. తీగ పని తెలిసినగాని యీ ధర్మసందేహము తేలదు గనుక దానిని కొంత వివరింతుము. భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల యెత్తున నొక్కచోట నిలిచినట్లు కనబడుచు భూమితోపాటు తిరుగు ఉపగ్రహమునుండి తరంగములు దిగివచ్చి డిష్షుపై బడును. రుసుము లేకుండ వచ్చు దూరదర్శన్ ప్రసారములకొఱకు మా యూరి డిష్షులు ఆగ్నేయముగ తిరిగియుండును. పళ్లెముపై బడిన తరంగములన్నియు దాని చేతిచివరనున్న చిన్న పరికరమునందు చేరును. దానినే పనివారు ఎల్.ఎన్.బి. యందురు. ఆకాశమునుండి వచ్చిన యతివేగపు తరంగములను ఇంటితీగ మోయలేదు. కావున నా పరికరము వాని వేగమును 950 మొదలు 2150 మెగాహెర్ట్‌జుల మధ్యకు దింపి తీగలోనికి పంపును.

ఇంతవఱకు తీగ పైనుండి క్రిందికి తెచ్చునదియే. కాని యదే తీగలో క్రిందినుండి పైకిగూడ నొకటి పోవుచుండును. తరంగములు నిలువుగ కంపించునవి కొన్ని, అడ్డముగ కంపించునవి కొన్ని. గదిలోని రిసీవరు, తనకు నిలువుతరంగములు కావలసినప్పుడు 13 వోల్టులను, అడ్డుతరంగములు కావలసినప్పుడు 18 వోల్టులను ఆ తీగగుండ పైకి పంపును. పై పరికరమునకు ఆ విద్యుత్తే యాహారము, అదియే యాజ్ఞ. తరంగముల పైశ్రేణి కావలసినచో 22 కిలోహెర్ట్‌జుల సన్నని నాద మొకటి దానికి తోడగును. దీనివలన తేలినదేమనగా, ఒక్క ముఖముగల ఎల్.ఎన్.బి. ఒక్కమాటు ఒక్కరి యాజ్ఞనే వినగలదు.

ఇక మా వైపు పల్లెలలో సామాన్యముగ జరుగుచున్న పని చూడుడు. తిరువూరు బజారులో కొద్ది సొమ్మునకు దొరకు స్ప్లిట్టరు నొకదానిని కొనితెచ్చి, ఉన్న తీగను కోసి, ఒక కొమ్మను ముందుగదికిని మఱియొక కొమ్మను పైగదికిని పంపుదురు. ఒక సంస్థ ప్రసారములన్నియు ఒకే విధముగ కంపించుచు ఒకే శ్రేణిలోనున్నచో నీ యుపాయము చెల్లును. బలము మాత్రము సగమగును. వానముసురు పట్టినప్పుడు ఆ లోటు బయటపడును. ప్రసారములు రెండువిధములుగను ఉన్నచోట కథ వేఱు. ముందుగదివారు 18 వోల్టుల ప్రసారమును చూచుచుండగా పైగదివారు 13 వోల్టులది కోరినచో, విద్యుత్తు రెండుకొమ్మలనుండియు పోవు స్ప్లిట్టరైనను, ఎక్కువ వోల్టులు పంపినవారి మాటయే నెగ్గును. ఒక్క కొమ్మనుండియే విద్యుత్తు పోవునదైనచో ఆ కొమ్మవాడు సర్వాధికారి. రెండవ గదిలో తెఱపై "సిగ్నల్ లేదు" అను మాటలు కనబడును. పేరునకు రెండవ రిసీవరేగాని యథార్థమున నది మొదటి గదివారు విడిచినది యేఱుకొని తినునది.

మన యిండ్లలోని యైకమత్యము చాలవఱకు ఈ స్ప్లిట్టరు వంటిదేనని చెప్పుటకు మేము జంకము. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది. 1995 ప్రాంతమున తెలుగున ప్రైవేటు చానెళ్లు పుట్టినవి. ఆ నడిమి యేండ్లనుగుఱించి మన పెద్దలు ముచ్చటగ చెప్పుకొందురు. ముందుగదిలో పెట్టె యొక్కటి, చాప యొక్కటి, ఇంటిల్లిపాదియు ఒక్కచోట. వినుటకు ఇంపుగనే యున్నది. కాని అందఱును కూడి చూచినది ఎవరి యిష్టము? యజమాని భోజనముచేసి కూర్చున్నంతసేపు వార్తలు, కుమారులు వచ్చినపిమ్మట క్రికెట్టు. గృహిణి గరిటె చేతబట్టుకొని గడపలో నిలువబడి చూచినంత చూచి, పోపు మాడుచున్నదని లోనికి పరుగెత్తెడిది. పగటిపూట మగవారు పొలములకు పోయినప్పుడు ఆమెకు సీరియలు చూచు వెసులుబాటు కలిగినచో, దానినిగూడ సాయంకాలము ఎగతాళి చేసెడివారు. భోజనపు బంతిలో ఒకనికి నేయి పోసి ప్రక్కవానికి పోయకుండుటను పంక్తిభేదమని మన పూర్వులు దోషముగ నెంచిరి. బంతి యొక్కటియైనంతమాత్రమున భేదము పోదనియేగదా ఆ మాటకు అర్థము.

ఈ సందర్భమున మన దేశచరిత్రలోని యొక విశేషము చెప్పవలసియున్నది. 1975వ సంవత్సరము ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఎరువు తెచ్చుకొని, ఆఱు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు మన ప్రభుత్వము టెలివిజన్ ప్రసారములు పంపినది. 'సైట్' అని ప్రసిద్ధినొందిన యా ప్రయోగమున ఆంధ్రప్రదేశమును ఒకటి. మూడుమీటర్ల తీగెవల గొడుగు, ఊరికంతటికి ఒక్క పెట్టె. పిల్లలకు పాఠములు, పెద్దలకు సేద్యము, ఆరోగ్యము. అర్ధశతాబ్దములో ఊరికొక పెట్టె గదికొక పెట్టె యైనదని నిట్టూర్చువారు కలరు. మేము వారితో నిట్టూర్పజాలము. ఊరందఱికి ఒక్కటి యనినప్పుడు, దానిముందు ఎవరెక్కడ కూర్చుండిరి, ఎవరు కూర్చుండుటకే రాలేదు అని వెంటనే యడుగవలయును. లేమివలన కలిగిన కూడికను సద్గుణమని కీర్తించుట మనకు పాత యలవాటు.

జాన్ స్టూవర్ట్ మిల్లు 1869లో స్త్రీల పరాధీనతను ఖండించుచు వ్రాసిన గ్రంథమున, కుటుంబము న్యాయముగ నడచినప్పుడే స్వాతంత్ర్యమునకు తగిన గుణములను నేర్పు నిజమైన పాఠశాల యగుననియు, ప్రస్తుతము దాని తీరు నిరంకుశత్వమును నేర్పుచున్నదనియు భావించెను. మన వీరేశలింగము పంతులుగారు 1883లో సతీహితబోధినియను పత్రికను స్త్రీలకొఱకే వెలువరించిరి. ఇంటికి ఒక పత్రిక వచ్చుచుండగా ఆడువారికి వేఱొకటి యేల యని యడుగవచ్చును. తనకని వచ్చినది చేతబట్టి చదివిన స్త్రీ, ఇంటిమాటలలో పాల్గొనుటకు మఱింత తగినదగునేకాని ఇంటికి పరాయిది కాదు. కోడలి గదికి పోవు తీగనుగూడ మేమట్లే చూచెదము.

అయినను చిన్నవారి వాదమును పూర్తిగ నంగీకరింపలేము. మేమెఱిగిన యొక గృహస్థుడు తన తల్లికి వెనుకగదిలో ప్రత్యేకముగ టీవీ పెట్టించి, "అమ్మకు ఏ లోటును లేదు, భక్తి చానెళ్లన్నియు వేయించితిని" అని పదిమందితో చెప్పుకొనెడివాడు. ఆ ముసలమ్మ సాయంకాలము పెట్టె పెట్టుకొని, శబ్దము తీసివేసి, తలుపు తెఱచి, ముందుగదిలో మనుమలు మాటలాడుకొనుట వినుచుండెడిది. పిలువకపోవుటకు ఆ పెట్టె యొక మర్యాదయైన సాకు. ఆమె తీగను అడుగలేదు, గదిని అడుగలేదు. ఇట్టిచోట రెండవ రిసీవరు స్వాతంత్ర్యము కాదు, వెలి. కావున పెట్టెలు ఎన్నియని లెక్కించి ప్రయోజనములేదు. కోరినవారెవరు? వారు తిరిగివచ్చి కూర్చుండుటకు ముందుగదిలో చోటు మిగిలియున్నదా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానముపైననే తప్పొప్పులు నిలుచును.

చేతిఫోనులు వచ్చినపిమ్మట ఈ చర్చ యేలయని కొందఱందురు. ఫోనున్నవానికి రిసీవరు వేఱే యక్కఱలేదు, నిజమే. కాని యింటిలో మంచి ఫోను ఎవరి జేబులోనున్నది, నెలనెల దానికి సొమ్ము కట్టువారెవరు? పైన చెప్పిన ముసలమ్మ చేతిలో నది లేదు.

చేయదలచినవారు సరిగ చేయుట మేలు. రెండు ముఖములదో నాలుగు ముఖములదో ఎల్.ఎన్.బి. తెచ్చి, గదిగదికి వేఱు తీగ మొదటినుండి దింపినచో ఎవరి యాజ్ఞ వారిదగును. ఒకరి వోల్టులు ఒకరికి అడ్డురావు. గదులు మఱింత యెక్కువైనచోట నాలుగు తీగలను మల్టీస్విచ్చను పెట్టెకు చేర్చి అచ్చటినుండి పంచుకొందురు. ఒక్క తీగలోనే ఒక్కొక్క రిసీవరునకు ఒక్కొక్క ప్రత్యేక తరంగస్థానము నిర్ణయించు క్రొత్త పద్ధతియు కలదు. దానికి తగిన రిసీవర్లే కావలయును. పాత తీగను మెలిపెట్టి నల్లటేపు చుట్టి "అయిపోయినదండీ" అను పనివారిని నమ్మరాదు. మొదటి వానకే ఆ యతుకులో నీరు దిగును.

వ్యయమునుగుఱించి ఒక్కమాట. తీగ ఒక్కమాటు వేసిన చాలును, రుసుము నెలనెలది. ఒకే యింటిలోని రెండవ, మూడవ టీవీలకు మొదటిదాని నెట్‌వర్కు రుసుములో నూటికి 40 వంతులకు మించి వసూలుచేయరాదని ట్రాయ్ సంస్థ 2020లో విధించెను. రెండవ గదివారు వేఱుకుటుంబము కారని ప్రభుత్వముకూడ గుర్తించినట్లే. ఆ మొదటి రుసుమునకున్న గరిష్ఠపరిమితిని అదే సంస్థ 2024లో తొలగించెను. 2004లో ఆరంభమైన దూరదర్శన్ వారి యుచితసేవకు నెలరుసుము లేదు. మిరప ధర పడిపోయిన యేట రెండవ రుసుము నిజముగనే బరువు. అప్పుడు యజమాని, "ఈ యేడు చేతగాదు" అని చెప్పవచ్చును. దానిని మేము తప్పుపట్టము. సొమ్ములేదని చెప్పవలసినచోట కుటుంబధర్మమని చెప్పుటయే మాకు రుచింపనిది.

సామాన్యముగ పనివాడు నిచ్చెన వేసి, గోడకు రంధ్రమెక్కడ పెట్టవలెనని యజమాని నడుగును. యజమాని కుమారునివంక చూచును. ఇద్దఱును ఆలోచించి చెప్పుదురు. ఇటీవల మా వీధిలో నిట్లే నిర్ణయమై ముందుగదినుండి మేడమీది పడకగదికి తీగ పోయినది. అది వంటయింటి గోడమీదుగనే, గూటిప్రక్కగనే పోయినది. అచ్చట నొక చీలిక యుంచవలయునా యని లోపలనున్న యామె నెవరును అడుగలేదు. మేకులు కొట్టునప్పుడు గూటిలోని డబ్బాలు తీయుమని మాత్రము కేకవేసిరి.