అంకె - అంకనము

శ్రీవైష్ణవ సంప్రదాయమున పంచసంస్కారములలో మొదటిది తాపసంస్కారము. ఆచార్యుడు శిష్యుని భుజములపై శంఖచక్రముల తప్తముద్రలు వేయును. 'నేను శ్రీమన్నారాయణుని వాడను' అని చాటునదియే ఆ అంకనము. కావున మేనిపై గుర్తు ఎవరిది, ఆత్మ ఎవరిది అను విచారము మనకు క్రొత్త కాదు. ఈ విచారమే అన్యదేశమున అన్యమతస్థులను సయితము కలచివేసినది.

అమెరికాలో 1986 నాటి పన్ను సంస్కరణ చట్టము, పోష్యులగు పిల్లల నిమిత్తము పన్ను తగ్గింపు కోరు తలిదండ్రులు ఐదేండ్లు నిండిన ప్రతి బిడ్డకును సోషల్ సెక్యూరిటీ సంఖ్యను చూపవలెనని విధించెను. తరువాత ఆ వయోపరిమితియు తొలగెను. ఒక క్రైస్తవ దంపతులు ఇందుకు సమ్మతింపలేదు. బైబిలులోని ప్రకటన గ్రంథమున, కుడిచేతిపైగాని నొసటిపైగాని మృగముద్ర లేనివారు క్రయవిక్రయములు చేయజాలని కాలమొకటి వచ్చునని హెచ్చరిక కలదు. ఆ ముద్రయే ఈ సంఖ్యయని వారు నమ్మిరి. 2000 సంవత్సరమున పన్నుల న్యాయస్థానము, తగ్గింపులను సరిచూచుటకు సంఖ్య ఆవశ్యకమని తీర్పు చెప్పెను. వారు తగ్గింపును కోల్పోయిరి.

అంతకు పూర్వము 1986లో, అబెనాకీ ఆదివాసి సంతతికి చెందిన తండ్రి యొకడు, సంఖ్య నిచ్చినచో తన చిన్నారి కూతురి ఆత్మశక్తి హరించునని సుప్రీంకోర్టు వరకు వాదించెను. అది ప్రభుత్వ సహాయమునకు సంబంధించిన వ్యాజ్యము. ప్రభుత్వము తన లెక్కలను ఎట్లు వ్రాసికొనవలెనో ఒకరి మతవిశ్వాసము శాసింపజాలదని ఆ కోర్టు పలికెను.

వీరిని చూచి నవ్వుట తగదు. బిడ్డ ఆత్మక్షేమము కొరకు ధనలాభమును వదలుకొన సిద్ధపడినవారు వారు. మన బిడ్డల ఆత్మక్షేమమునకై మనలో ఎందరికి అంతటి ఆరాటము కలదు?

అయినను మన సిద్ధాంతము వేరొక ధైర్యమును ప్రసాదించుచున్నది. జీవుడు భగవంతునికి శేషభూతుడు. ఈ సంబంధమును ఏ చట్టమును ఇచ్చినది కాదు. ఏ చట్టమును హరింపజాలదు. సంఖ్య దేహవ్యవహారమునకు సంబంధించినది, ఆత్మకు అంటదు. రాజునకు పన్ను చెల్లించుటను మన ధర్మశాస్త్రములే విధించినవి. కనుక అమెరికాలోని మన తెలుగు కుటుంబములు ఆ సంఖ్యను, ఇచ్చటి వారు పాన్ సంఖ్యను నిస్సంకోచముగా వ్రాయవచ్చును.

భయపడవలసినది వేరొకటి కలదు. ప్రభుత్వమిచ్చిన అంకెను బీరువాలో పదిలపరచుచున్నాము. ఆచార్యుడిచ్చిన దాస్యనామమును ఎచ్చట పదిలపరచితిమి? బిడ్డ పుట్టిన కొలది దినములకే కార్యాలయముల చుట్టు తిరుగు మనము, సమాశ్రయణమునకు మాత్రము 'తరువాత చూతము' అందుము. భాగవతోత్తములారా! అంకె లేనిచో ఆగునది పన్ను తగ్గింపు మాత్రమే. అంకనమును మరచినచో మనమెవరివారమో మనకే తెలియకుండ పోవును. పిల్లలకు ఆ ఎరుకను సకాలమున కలిగింతము గాక!