రిపోర్టులో కనబడని నొప్పి

ఆదిలాబాద్ పల్లెల్లోనైనా కరీంనగర్ వాడల్లోనైనా తగ్గని కడుపునొప్పి పట్టే దారి ఒకటే. ముందు ఊళ్లో ఆర్ఎంపీ, తర్వాత పట్నంలో స్కానింగ్, ఎండోస్కోపీ. రిపోర్టులన్నీ బాగుంటాయి. "ఏం లేదు, టెన్షన్ పెట్టుకోకు" అని పంపిస్తారు. ఇంటికొచ్చాక మళ్లీ అదే నొప్పి. ఇక వేములవాడ రాజన్నకు కోడె మొక్కు.

రిపోర్టుకు అందని బాధ నిజమేనా?

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. అందులో దుఃఖం 24 గుణాల్లో ఒకటి. రంగును కన్ను పట్టినట్టు సుఖదుఃఖాలను పట్టే ఇంద్రియం మనసు. ఈ లెక్కన రోగికి తన నొప్పి ప్రత్యక్షం. ఊహించుకోవలసి వచ్చేది ఎదుట కూర్చున్న డాక్టరుకే.

ఇలా రిపోర్టుకు అందని కడుపునొప్పికి ఒక కారణం ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. ఇందులో పేగుకు పుండు ఉండదు. కదలిక లయ తప్పుతుంది, నరాలు చిన్నదానికే ఉలిక్కిపడతాయి. మెబెవెరిన్ వంటి మందు పేగు కండరం బిగువును సడలిస్తుంది. మలబద్ధకం ఉన్నవారికి పేగును కదిలించేందుకు వచ్చిన టెగాసెరాడ్‌కు గుండె ముప్పు అంటుకుంది: అమెరికాలో 2007లో అమ్మకం ఆగింది, మన దేశం 2011లో నిషేధించింది. లేని జబ్బుకు ఇన్ని తంటాలు ఎవరు పడతారు?

ఇక్కడొక చిక్కు ఉంది. 2010లో హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్చుక్ బృందం ఈ జబ్బున్న 80 మంది రోగులపై పరీక్ష జరిపింది. కొందరికి "ఇందులో మందు లేదు" అని చెప్పి మరీ గోలీలిచ్చింది. మూడు వారాలకు వారిలో 59 శాతం మందికి ఉపశమనం కలిగింది. ఏ గోలీ ఇవ్వనివారిలో 35 శాతం మందికే. అయితే జబ్బంతా భ్రమేనా? ఆ వాదన నిలవదు. ధైర్యం చెబితే విరిగిన కాలి నొప్పి కూడా తగ్గుతుంది, ఎముక విరగడం అబద్ధమైపోదు. మెదడుకూ పేగుకూ నరాల బంధం ఉంది గనుక నమ్మకం కడుపుదాకా చేరుతుంది. రాజన్న గుడిలో దొరికే ఊరట కూడా అంతే నిజం.

క్రూరమైనది మరొకటి ఉంది: "ఏ పాపం చేసిందో" అని కోడలి నొప్పిని కర్మ ఖాతాలో వేయడం. దానికి ఏ శాస్త్రమూ సాకు కాకూడదు.

మొక్కుకోండి, గోలీ కూడా వేసుకోండి. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా మాత్రం మొక్కు తీరేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.