వట్టిపోని ఆవు

మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్తుంటే చైతన్యపురి తర్వాత విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వస్తుంది. ఆ పేరు పక్కనున్న అనాథాశ్రమానిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లో తన కోసం ప్యాలెస్ కట్టించుకుని, అపశకునం ఎదురైందని అందులో ఉండటం మానుకున్నాడంటారు. 1901లో చనిపోయిన విక్టోరియా రాణి పేరిట అది అనాథ పిల్లలకు ఆశ్రయమైంది. రాజుకు అచ్చిరాదన్న ఇల్లు, నా అన్నవాళ్లు లేని పిల్లలకు వందేళ్లకు పైగా అచ్చివచ్చింది. ఫ్లాటు కొనేముందు ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని పదిసార్లు అడిగే మనం ఈ చరిత్ర దగ్గర కాస్త ఆగాలి. గుమ్మాలు అవే, దిక్కులు అవే, లోపల ఉండేవాళ్లే మారారు. కాబట్టి ఇంటికి శుభం దిక్కులవల్ల రాదు, దిక్కులేనివాళ్లకు నీడనిస్తే వస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం కఠోపనిషత్తులోనే ఉంది. యాగంలో తండ్రి ముసలి ఆవులను దానమిస్తుంటే నచికేతుడి మనసు కలత చెందింది. తనకు పనికిరానిది ఇవ్వడం వదిలించుకోవడమే కదా, రాజు చేసిందీ అదే కదా అని అడగవచ్చు. ఇచ్చినవాడి పుణ్యమే లెక్కవేస్తే ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అయితే ఆ ఆవులతో అసలు చిక్కు, పుచ్చుకున్నవాడికి చుక్క పాలు రాకపోవడం. సరూర్‌నగర్ ఇల్లు అలా వట్టిపోయిన ఆవు కాదు. గోడ వారన ఒక రేకు పెట్టె, బంతిలో ఒక కంచం, హాజరుపట్టీలో ఒక పేరు: ఏమీ లేని బిడ్డకు ఇవి చిన్నవి కావు. దానం ఇచ్చిన రోజుతో ముగిసిపోదు, పుచ్చుకున్నవాళ్ల చేతుల్లో పెరుగుతూ పోతుంది.

ఆశ్రమం ఉన్న ఆ పాత కట్టడం పాడవుతోందంటే శకునం ఫలించినట్టేగా అనేవారూ ఉంటారు. సున్నపు గోడలోకి వాననీరు దిగితే పెచ్చులూడతాయి. పగులులో రావిమొక్క మొలిస్తే దాని వేరు రాళ్లను విడదీస్తుంది. ఏ శకునమూ లేకుండానే ఇంగ్లండ్‌లో 20వ శతాబ్దంలో పన్నులు, పోషణ ఖర్చులు మోయలేక వందలాది పల్లెటూరి మహాభవనాలను కూల్చేశారు. బడులుగా మారి కొన్ని బతికాయి. శకునం అనేస్తే బాధ్యులెవరూ ఉండరు, మరమ్మతు అంటే ఉంటారు. పాలిచ్చే ఆవును మేత వేయక వట్టిపోనిస్తే, ఆ పాపం ఇచ్చిన రాజుది కాదు, మనది.