తినే పిట్ట, చూసే పిట్ట

ఉప్పలపాడు చెరువు గట్టుకు ఈమధ్య కొత్తగా వచ్చేవాళ్ళు లెన్స్ ఎంత పొడుగని అడగడం మానేశారు. కెమెరాలో పక్షి కన్నును పట్టే బర్డ్ ఐ ఉందా లేదా అని అడుగుతున్నారు. గుంటూరు పక్కనే ఉన్న ఊరది. చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టుకుంటాయి. ఊళ్ళో పిల్లలకు కూడా మా భాష పట్టుబడింది. "అంకుల్, కన్ను దొరికిందా?" అంటారు. ఎందుకు దొరకదూ! కానన్ ఆర్5 2020లో, సోనీ ఎ1 2021లో వచ్చాక పక్షిని పోల్చుకునే పని కెమెరాదే అయింది. చిన్న చదరం ఒకటి వచ్చి కంటి మీద వాలుతుంది, పక్షి తల తిప్పితే దాని వెంటే పోతుంది.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. పొద్దున చెరువు, సాయంత్రం ఉపనిషత్తు పాఠం. ఈ రెండింటికీ పొత్తు కలిపింది ముండకంలోని రెండు పక్షులు. రెండూ ఒకే చెట్టు మీద ఉంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా ఊరికే చూస్తుంటుంది. ఋగ్వేదం మొదటి మండలంలోనూ, శ్వేతాశ్వతరంలోనూ ఇదే మంత్రం ఉంది. జీవుడు వేరు, ఈశ్వరుడు వేరు అనడానికి ద్వైతులు దీన్ని గట్టి ఆధారంగా చూపిస్తారు. అద్వైతులు వేరే దారిన వెళ్తారు. ఆ తగవు తీర్చే చదువు నాకు లేదు. నన్ను పట్టుకున్న సంగతి వేరు. కెమెరా పట్టుకుని గట్టు మీద కూర్చున్నవాడు ఈ రెండింటిలో ఏ పక్షి?

రెండోదే అని మావాళ్ళ నమ్మకం. "మనం దేన్నీ ముట్టుకోం గదండీ, చూసి వచ్చేస్తాం" అంటారు. నేను ఒప్పుకోను. 500 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 5.6 దగ్గర పెట్టి, 15 మీటర్ల దూరంలోని పక్షిని ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో తీస్తే, స్పష్టంగా పడే మేర సుమారు 30 సెంటీమీటర్లు. దానికి ముందూ వెనకా అంతా మసకే. గూడబాతు ముక్కు పొడవే ఇంచుమించు అంత ఉంటుంది. పక్షి నా వైపు తిరిగినప్పుడు కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు కొస పోతుంది, కొస మీద పెడితే కన్ను పోతుంది. ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చుకోకుండా ఫొటో పడదు. అలా తేల్చుకునేవాడు తినే పిట్టే.

అసలు చిక్కు మేత వేళ వస్తుంది. గూడబాతు పిల్ల మేత కోసం తన తలంతా తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది. దాని కన్ను బయటికి కనపడదు. తల్లి కన్ను మాత్రం తెరుచుకుని ఉంటుంది. కెమెరా వెళ్ళి ఆ కంటి మీద కూర్చుంటుంది. జరుగుతున్నదంతా సంచి దగ్గర, ఫోకస్ వెనక్కి. ఒక్కోసారి పక్క గూట్లో నిద్రపోతున్న కొంగ కన్ను దానికి ఇంకా నచ్చుతుంది.

ఇక్కడ రెండు పనులను విడదీసి చూడాలి. ఎంత దూరమో కొలవడం ఒకటి. లెన్స్ ఈ పక్క నుంచి వచ్చిన వెలుతురునూ ఆ పక్క నుంచి వచ్చిన వెలుతురునూ పోల్చి, రెండు బొమ్మలూ కలిశాయా, కలవకపోతే ఎటు తిప్పాలి అని కెమెరా లెక్క కడుతుంది. అందులో ఇష్టాయిష్టాల్లేవు. 1985లో వచ్చిన మినోల్టా 7000 ఫ్రేమ్ నడిమధ్యన ఒక్కచోటే ఆ కొలత కొలిచేది. పక్షిని మధ్యకు తెచ్చుకునే బాధ్యత మనిషిది. ఎక్కడ కొలవాలో నిర్ణయించడం రెండో పని. ఇప్పుడు యంత్రానికి అప్పజెప్పింది దీన్ని. వేల ఫొటోలు చూపించి కన్నంటే ఇదీ అని దానికి నేర్పారు గనక ఆ ఎంపికలో ఎవరెవరివో అభిరుచులున్నాయి.

మరి అచేతనమైన యంత్రం ఎంచుకుంది అనొచ్చా? ఈ సందేహం పాతదే. బ్రహ్మసూత్ర భాష్యంలో శంకరులు పైంగి రహస్య బ్రాహ్మణం చెప్పిన అర్థాన్ని ఎత్తి చూపుతారు. తినే పక్షి బుద్ధి, చూసే పక్షి క్షేత్రజ్ఞుడు అని. బుద్ధి జడం గదా, జడం ఎలా తింటుంది అని ఆక్షేపణ కూడా వేసుకుంటారు. జడానికి భోక్తృత్వం అంటగట్టడం శ్రుతి ఉద్దేశం కాదు, క్షేత్రజ్ఞుడు భోక్త కాడని చెప్పడమే ఉద్దేశం అని జవాబు. నాకు ఇది బాగా పనికొచ్చింది. బుద్ధే తినే పక్క ఉంటే కన్నూ, లెన్సూ, చిప్పూ అన్నీ అటే చేరతాయి. "కెమెరా ఎంచిందా, నేను ఎంచానా" అన్నది ఆ పక్క ఇంట్లోవాళ్ళ పంపకాల గొడవ.

కెమెరా ఇంట్లో పెట్టి వట్టి కళ్ళతో చూడొచ్చు గదా అని పాఠంలో ఒకాయన అడిగారు. వట్టి కన్ను ఏం తక్కువ తిన్నది? చేయి చాచి బొటనవేలు నిలబెడితే దాని వెడల్పు ఎంత ఉంటుందో, మన కన్ను బాగా స్పష్టంగా చూసేది అంత మేరే. మిగతాదంతా అలికినట్టు ఉంటుంది. 1992లో కానన్ ఈఓఎస్ 5 ఫిల్మ్ కెమెరా వ్యూఫైండర్‌లోంచి వాడేవాడి కంటిని గమనించి, అతను ఎటు చూస్తే అటు ఫోకస్ పెట్టేది. 2021లో ఆర్3తో ఆ ఏర్పాటు మళ్ళీ వచ్చింది. చూసే కన్ను కూడా చూడబడే వస్తువే అని దృగ్దృశ్య వివేకం మొదటి మెట్టులోనే చెబుతుంది. నిజమైన సాక్షి దాని వెనక ఎక్కడో ఉన్నాడు. వాడికి ఫోకస్ పాయింట్లతో పనిలేదు.

అలాగని ఎవరు ఎంచినా ఒకటే అనడం నాకు దొంగ వేదాంతంలా కనిపిస్తుంది. ఫొటో కింద నా పేరు వేసుకుంటున్నాను, నలుగురు బాగుందంటే పొంగుతున్నాను. పండు నా నోట్లో ఉన్నంతకాలం ఏ పండు కోశావన్న ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలి. "కెమెరాయే అలా పట్టిందండీ" అంటే కుదరదు.

కనక చెరువుకు వచ్చేవాళ్ళకు నా మాట ఇది. ఎగిరే పక్షికి బర్డ్ ఐ హాయిగా వాడుకోండి, అక్కడ మన చేతికంటే అది నయం. గూటి ముందు కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని ఆపేసి, ఒక్క చిన్న పాయింట్ పెట్టుకుని, ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకోండి. దీనికోసం కొత్త కెమెరా కొననక్కర్లేదు. పదేళ్ళ కిందటి డిఎస్ఎల్ఆర్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది.